ప్రార్థన చేస్తున్నా మనసుకు శాంతి లేదు. మీకు ఎలా దొరికింది?

గట్టుమీద_ఇల్లు

భీమవరం దగ్గర పల్లెటూరు మాది. మావారు చెరువులు లీజుకు తీసుకుని వనామీ రొయ్యలు వేస్తారు. నిరుడు వరుసగా రెండు పంటలు వైట్ స్పాట్ జబ్బు వచ్చి పోయాయి. ఆ తర్వాతది నిలబడింది అనుకునేసరికి అమెరికా సుంకాలు పెంచిందని రేటు పడిపోయింది. మేత కొట్టుకి బాకీ, లీజు బాకీ, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది వేరే. పెద్దదాని బీటెక్ ఫీజు కట్టాలి.

నేను మందిరంలోనే పుట్టి పెరిగినదాన్ని. తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకుంటాను. అయినా గుండెదడ తగ్గడం లేదు. మొన్న స్త్రీల కూటంలో ఈ సంగతి చెప్పుకుంటే ఒక పెద్దావిడ "విశ్వాసం ఉన్న ఇంట్లో శాంతి లేకపోవడం ఏంటమ్మా, ఎక్కడో లోపం ఉంది, వెతుక్కో" అన్నారు. అప్పటినుంచి ప్రార్థనకి కూర్చోవాలన్నా భయం వేస్తోంది.

కష్టంలో మీకు నిజంగా శాంతి దొరికిందా? దొరికితే ఎలా దొరికింది? "దేవుడు చూసుకుంటాడు" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోకండి. అది నాకూ తెలుసు.

భీమవరం_బుల్లోడు

అక్కా, మాదీ ఇదే పరిస్థితి. 100 కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్యలు) రేటు పడిన వారం మా నాన్న అన్నం ముట్టలేదు. తెలిసినవాళ్ళు రాయండి, నేనూ చదువుతాను.

ప్రభుసాక్షి_తణుకు

సిస్టర్, ఓటమి మాటలు నోటితో పలకకండి. "మా అప్పులు తీరిపోయాయి" అని విశ్వాసంతో ఒప్పుకోండి. ఇరవై ఒక్క రోజులు ఉపవాసం పట్టండి. శక్తికి మించి ఒక కానుక విత్తండి. నేను అలా చేశాకే నా వ్యాపారం నిలబడింది. ఇది నా సాక్ష్యం, ఎవరినీ నొప్పించడానికి రాయలేదు.

సఖినేటిపల్లి_రేవు

శక్తికి మించి కానుకా? ఆవిడ పైన ఏం రాశారో చదివారా బ్రదర్?

పాలకొల్లు_మాస్టారు

ప్రభుసాక్షి గారి వ్యాపారం నిలబడినందుకు నాకు సంతోషమే. కానీ మేత కొట్టుకి బాకీ ఉన్న ఇల్లాలిని ఇంకా కానుక వెయ్యమనడం తప్పు. అప్పులవాళ్ళు తన కొడుకులను పట్టుకుపోతారని ఒక విధవరాలు ఎలీషా ప్రవక్త దగ్గర ఏడిస్తే, ఆయన ఆవిడను కానుక అడగలేదు. "ఇంట్లో ఏముంది?" అని అడిగాడు. ఉన్న కాస్త నూనెతోనే దారి చూపించి, అది అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలినదాంతో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం.

ఇక అమ్మా, నీ ప్రశ్న. "లోపం ఉంది" అన్న మాటని మనసులోంచి ముందు తీసేయి. బైబిల్లో కీర్తనలు 150. అందులో దాదాపు మూడోవంతు మొరలే, ఏడుపులే. 13వ కీర్తన తెరిచి చూడు. ఎంతకాలం, ఎంతకాలం అని దేవుణ్ణే మళ్ళీ మళ్ళీ నిలదీస్తాడు. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకట్లోనే ఉండి చీకట్లోనే ఆగిపోతుంది. ఆఖర్లో స్తుతి మాట ఒక్కటీ లేదు. విశ్వాసం లేనివాడి రాత అని దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసెయ్యలేదు. దేవుడి ప్రజలు పాడుకునే పాటల్లోనే ఉంచారు.

ఇంకొకటి. "నా శాంతినే మీ కనుగ్రహించుచున్నాను" అన్న మాట మన ఇళ్ళలో గోడల మీద, క్యాలెండర్ల మీద కనిపిస్తుంది. యేసు ఆ మాట ఎప్పుడు అన్నారు? తనను పట్టుకోబోయే రాత్రి, శిష్యులతో ఆఖరి భోజనం దగ్గర. మరి కాసేపటికి గెత్సేమనే తోటలో ఆయనే, నా ప్రాణం చనిపోయేంత దుఃఖంలో ఉంది అన్నారు. చెమట రక్తపు బొట్లలా నేల మీద పడిందని లూకా రాశాడు. రెండూ ఒకే రాత్రి. శాంతి ఇస్తాను అన్నవాడికే ఆ రాత్రి గుండె దడదడలాడింది. నీకు దడ వస్తోందంటే విశ్వాసం పోయిందని ఎవరు చెప్పారమ్మా?

భీమవరం_బుల్లోడు

మాస్టారు క్లాసు మొదలెట్టారు, ఎవరూ బెంచీలు వదలకండి 🙂

సఖినేటిపల్లి_రేవు

ఒకే రాత్రి అన్న సంగతి నేనెప్పుడూ గమనించలేదు. రెండు భాగాలూ చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాను.

నర్సు_అమలాపురం

ప్రభుసాక్షి గారి ఉపవాసం సలహా మీద ఒక మాట. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా అన్ని రోజులు ఉపవాసం ఉండకూడదు. ఉపవాస కూడికల్లో కళ్ళు తిరిగి పడిపోయి మా వార్డుకి వచ్చినవాళ్ళని చూశాను. ప్రార్థనని నేను తక్కువ చేయడం లేదు. నేనూ డ్యూటీకి ముందు మోకాళ్ళ మీద ఉండి వెళ్ళేదాన్నే.

అక్కా, ఏలీయా సంగతి గుర్తుందా? బదరీ వృక్షం కింద కూర్చుని "నా ప్రాణం తీసేసుకో" అన్నాడు. అంత పెద్ద ప్రవక్త. దేవుడు అతన్ని తిట్టలేదు, "నీ విశ్వాసం ఏమైంది" అనలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి లేపి, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత. కాబట్టి నేను అడిగేది ఇది: నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా? గుండెదడ పనుల్లో ఉన్నప్పుడు కూడా వస్తోందా? ఒకసారి బీపీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోండి. మన డెల్టా ఆడవాళ్ళలో రక్తం తక్కువై దడ వస్తుంటే టెన్షన్ అనుకుని వదిలేసేవాళ్ళు చాలామంది. పరీక్షల్లో ఏమీ లేకపోతే మనసు డాక్టర్‌తో మాట్లాడటానికి సిగ్గుపడకండి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన టెలి మానస్ అనే ఫోన్ సేవ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

సువార్త రాసిన లూకా వైద్యుడే కదా. మందు వేసుకుంటే విశ్వాసం తగ్గిపోదు.

కోనసీమ_కొబ్బరి

నేను క్రైస్తవుణ్ణి కాదు. మా ఇంట్లో అంతర్వేది నరసింహస్వామిని కొలుస్తాం. పక్కింటివాళ్ళ అబ్బాయి పోయినప్పుడు ఆదరణ కూటానికి వెళ్ళాను, అప్పటినుంచి నాకొక సందేహం ఉండిపోయింది. గౌరవంగానే అడుగుతున్నాను. అప్పు అప్పుగానే ఉండి, పోయినవాళ్ళు తిరిగి రాకుండా ఉంటే, మీరు చెప్పే శాంతి మనసుకి ఇచ్చే మత్తు అవ్వదా? పొద్దున్నే మళ్ళీ అదే బాధ కదా?

కువైట్_చెల్లి

కొబ్బరి అన్నయ్యా, మత్తయితే నొప్పి తెలియకూడదు కదా. నాకు తెలుస్తూనే ఉంది.

మాది రాజోలు వైపు లంక గ్రామం. ఆయన పోయాక పిల్లని మా అమ్మ దగ్గర ఒదిలేసి ఇంటిపనికి ఇక్కడికి వచ్చాను. మొదట్లో పనిచేసిన ఇంట్లో ఫోన్ రాత్రి కాసేపే ఇచ్చేవారు. నా బిడ్డ "అమ్మా ఎప్పుడొస్తావ్" అంటే వంటగదిలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని, శబ్దం బయటికి వినపడకుండా. అదే కుళాయి పక్కన ప్రార్థన చేసేదాన్ని. పెద్ద మాటలేం లేవు. "ఈ పూట గడిపించు ప్రభువా" అంతే.

దొరికింది ఏంటంటే చెబుతాను. ఆ ఇంటావిడ మీద నాకు చెప్పలేనంత పగ ఉండేది. గిన్నెలు తోముతూ శపించేదాన్ని. ఎప్పుడు పోయిందో తెలియదు గానీ ఆ పగ పోయింది. పని అంతే ఉంది, జీతం అంతే ఉంది, బిడ్డ మీద బెంగ ఇంకా ఎక్కువైంది. కానీ రాత్రి తల ఆన్చుకుంటే నిద్ర పట్టడం మొదలైంది. పగ ఉన్నప్పుడు పట్టేది కాదు. నాకు శాంతి అంటే అది. ఇప్పుడు వేరే ఇంట్లో ఉన్నాను, మంచివాళ్ళు, శుక్రవారం తెలుగు ఆరాధనకి పంపుతారు. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది మన గోదావరి జిల్లాల ఆడవాళ్ళే. పాట ఎత్తుకోగానే అందరికీ కళ్ళు తడుస్తాయి. అయినా పాడతాం.

కోనసీమ_కొబ్బరి

అమ్మా, నా ప్రశ్నకి సమాధానం దొరికింది. నీ బిడ్డ చల్లగా ఉండాలి.

ప్రభుసాక్షి_తణుకు

నన్ను అందరూ తప్పుగా అర్థం చేసుకున్నారు. కానుకలు వద్దంటే సంఘాలు ఎలా నడుస్తాయి? ఇచ్చువారిని దేవుడు ప్రేమిస్తాడని పౌలు రాయలేదా?

నరసాపురం_లేసు

రాశాడు బాబూ, "ఉత్సాహముగా ఇచ్చువానిని" అని. పైగా సణుక్కోకుండా, బలవంతం లేకుండా అని అదే వచనంలో ఉంది. భయపెట్టి ఇప్పించుకునేది అందులోకి రాదు.

మా సంఘంలో ఆడవాళ్ళం ఇప్పటికీ పిడికెడు బియ్యం తీస్తాం. అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తీసుకెళ్ళడం. మా అమ్మమ్మ కాలం నుంచి ఉన్న పద్ధతే. ఇదివరకు ఆ బియ్యం వేలం వేసి డబ్బు సంఘం ఖాతాలో వేసేవారు. ఇప్పుడు మా అయ్యగారు, పెద్దలు కలిసి ఎవరింట్లో జబ్బో, అప్పో, చావో ఉంటే ఆ ఇంటికి పంపిస్తున్నారు. నా భర్తకి పక్షవాతం వచ్చినప్పుడు మా గుమ్మం ముందుకి అలా బియ్యం మూట వచ్చింది. పేరు రాసి ఉండదు. అందరి ఇళ్ళ బియ్యం కలిసి ఉంటుంది, సన్నాలు, లావులు, కోటా బియ్యం. ఆ అన్నం వండుకుని తిన్న రోజు నాకు కలిగిన ధైర్యం ఏ ప్రసంగం విన్నా కలగలేదు. చెల్లీ, మీ సంఘంలో ఇలాంటిది ఉంటే అడగడానికి మొహమాటపడకు. నువ్వు ఎన్నో ఏళ్ళు వేసే ఉంటావు కదా.

పని సంగతి కూడా చెప్తాను. నేను లేసు అల్లుతాను. మా వైపు ఈ అల్లిక మిషనరీ దొరసానులు నేర్పిందే, 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కూలి మాత్రం పెద్దగా పెరగలేదు, అది వేరే బాధ. అల్లేటప్పుడు ఒక్కో వరుసకి ఒక్కో మనిషి పేరు తలుచుకుంటాను. నాకు కూర్చుని గంటల తరబడి ప్రార్థించడం రాదు. చేతులు కదులుతుంటేనే మాట వస్తుంది. ఎవరికి ఎలా కుదిరితే అలా చేసుకోవచ్చు, తెల్లవారుజామునే చెయ్యాలని లేదు.

మొగల్తూరు_కుర్రోడు

పిన్నీ, మా ఇంట్లోనూ పిడికెడు బియ్యం డబ్బా ఉంది. చిన్నప్పుడు అందులోంచి తీసి నమిలేవాణ్ణి, మా నానమ్మ "అవి దేవుడివిరా" అని చెయ్యి మీద వేసేది.

పాలకొల్లు_మాస్టారు

లేసమ్మ మిషనరీల మాట ఎత్తింది కాబట్టి ఒక సంగతి. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లాండు నుంచి వచ్చి మన నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. అదే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. వాళ్ళు వచ్చినప్పటికి ఆనకట్ట లేదు. అంతకు కొద్దికాలం ముందే పెద్ద కరువు వచ్చి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. కాటన్ దొర కూడా గట్టి విశ్వాసే. కరువులో జనం చచ్చిపోతుంటే ప్రార్థన చేసుకుని ఊరుకోలేదు, నీళ్ళు తెచ్చాడు. మన పెద్దలకి విశ్వాసం అందింది ఇలాంటి రోజుల్లో. అందుకే వాళ్ళ ప్రార్థనల్లో కరువు, వరద, జ్వరం అన్నీ పేరుపేరునా ఉండేవి.

సఖినేటిపల్లి_రేవు

మాస్టారూ, కాటన్ మీద వేరే చర్చ పెట్టండి, అక్కడ రాత్రంతా మాట్లాడుకుందాం. ఇక్కడ అక్క సంగతి పక్కకి పోతోంది.

ఉప్పుగాలి

నేను ఎక్కువగా రాసేవాణ్ణి కాదు. ఈ చర్చ చూసి రాస్తున్నాను.

1996 నవంబరు 6 తుఫాను. కోనసీమలో ఆ పేరు ఎత్తితే చాలు, మా వయసువాళ్ళు మాట్లాడటం ఆపేస్తారు. వెయ్యి మందికి పైగా పోయారు. లక్షల కొబ్బరి చెట్లు విరిగిపోయాయి. మా అన్నయ్య వేటకి వెళ్ళిన బోటు తిరిగి రాలేదు. శవం దొరకలేదు. దొరక్కపోతే భూస్థాపన లేదు, భూస్థాపన లేకపోతే అమ్మకి నమ్మకం కుదరదు. ఏ బోటు చప్పుడైనా గుమ్మంలోకి పరిగెత్తేది.

చాలా నెలలు అమ్మ మందిరంలో అడుగు పెట్టలేదు. "యేసు సముద్రాన్ని గద్దించాడంట కదా, నా కొడుకు పోయినప్పుడు ఆయన నిద్రపోయాడా?" అనేది. ఎవరెవరో వచ్చి దేవుడి చిత్తం అన్నారు, మంచివాళ్ళని ముందే తీసుకుపోతాడన్నారు. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది. మా పాస్టరమ్మగారు ఒక్కరే వేరేగా ఉన్నారు. సాయంత్రం పూట వచ్చేవారు. బైబిలు తెచ్చుకునేవారు కాదు. అమ్మ చేపలు శుభ్రం చేస్తుంటే పక్కన కూర్చుని చేసేవారు, ఉల్లిపాయలు ఒలిచేవారు, వెళ్ళిపోయేవారు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి అతని స్నేహితులు వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే అని నాకు పెద్దయ్యాక అర్థమైంది. నోరు తెరిచాక అన్నీ పాడుచేశారు.

ఒకరోజు అమ్మే "అమ్మగారూ, ఏదైనా చదవండి" అంది. తన స్నేహితుడు లాజరు చనిపోతే అతని సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు విడిచింది చదివారు. లాజరుని బతికించి లేపుతానని ఆయనకి తెలుసు. అయినా ఏడ్చారు. అమ్మ ఆ రోజు మొదటిసారి మా అందరి ముందు గొంతెత్తి ఏడ్చింది. ఆ తర్వాత మందిరానికి రావడం మొదలెట్టింది. శాంతి ఏ రోజున వచ్చిందో మేం ఎవరం చెప్పలేం. కోపం మాత్రం దేవుడితోనే చెప్పుకునేది, చివరిదాకా. ఏటా సమాధుల పండుగకి తాతయ్య సమాధి మీద ఒక కొవ్వొత్తి అన్నయ్య కోసం పెట్టేవాళ్ళం. ఇప్పుడు అమ్మ కూడా లేదు. నేను పెడుతున్నాను.

భీమవరం_బుల్లోడు

అన్నా... ఏం రాయాలో తెలియడం లేదు. చదివాను.

నర్సు_అమలాపురం

పాస్టరమ్మగారి లాంటివాళ్ళు ప్రతి ఊళ్ళో ఒక్కరు ఉంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళు సగానికి తగ్గుతారు.

వనామీ_రైతు_ఆకివీడు

నేను చెరువుల భాషలో చెబుతాను చెల్లెమ్మా. నాకూ ఇంతకంటే పెద్ద దెబ్బే తగిలింది, అందుకే చెబుతున్నాను. పోయిన డబ్బు ఒక్క పంటలో లాగేద్దామని మళ్ళీ అప్పు తెచ్చి సీడ్ (రొయ్య పిల్లలు) వెయ్యకండి. జబ్బు వచ్చిన చెరువుని ఎండబెట్టి, అడుగు మట్టి తీయించి, సున్నం చల్లి కొన్నాళ్ళు ఖాళీగా ఉంచాలి. లీజు దండగ అనిపిస్తుంది, కానీ మరో పంట పోవడం కంటే నయం. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత. ఎక్కువ వడ్డీది ముందు. మేత కొట్టాయన దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళి గడువు అడగండి, తప్పించుకు తిరిగితేనే వాళ్ళకి కోపం. బ్యాంకు లోను ఉంటే వాయిదాలు మార్చమని రాతపూర్వకంగా అడగండి.

ఇంకో మాట అడుగుతున్నాను, తప్పుగా అనుకోకు. నువ్వు నీ గుండెదడ గురించి రాశావు. మీ ఆయన ఎలా ఉన్నాడు?

గట్టుమీద_ఇల్లు

అందరి మాటలూ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. కువైట్ చెల్లి, ఉప్పుగాలి అన్నయ్య, మీ ఇద్దరికీ ఏం చెప్పాలో మాటలు రావడం లేదు.

రైతు అన్నయ్యా, ఆయన సరిగా మాట్లాడటం లేదు. రాత్రి ఏరేటర్లు (చెరువు నీటికి గాలి అందించే మిషన్లు) చూసొస్తానని వెళ్ళి గట్టు మీద కూర్చుంటున్నారు. ఇప్పుడు చెరువులో పంటే లేదు. మొన్న "నేను లేకపోతే అప్పులవాళ్ళు మిమ్మల్ని అడగరు" అన్నారు. కోపంలో అన్నారు అనుకున్నాను.

నర్సు_అమలాపురం

అక్కా, ఆ మాటని కోపం అని వదిలెయ్యకండి. ఈ రోజే సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అడిగితే ఆ ఆలోచన కొత్తగా వస్తుందేమో అని భయపడతారు, రాదు. లోపల ఉన్నది బయటికి వస్తుంది. రాత్రిపూట ఒంటరిగా గట్టు మీదికి పంపకండి, తమ్ముడో బావగారో తోడు వెళ్ళాలి. ఇంట్లో, చెరువు షెడ్డులో పురుగుమందులు, కెమికల్ డబ్బాలు ఉంటే ఇప్పుడే వేరేవాళ్ళింటికి మార్చేయండి. 14416కి మీరే చేసి మాట్లాడి ఆయనకి ఇవ్వండి. పరిస్థితి మించితే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళండి, రాత్రయినా సరే, 108కి చెయ్యండి. ప్రార్థన చేస్తూనే ఇవన్నీ చెయ్యండి.

వనామీ_రైతు_ఆకివీడు

ఇది చదివాకే నాకు కాళ్ళు ఆడలేదు. చెల్లెమ్మా, నా నంబరు ఇక్కడ సభ్యుల మెసేజ్‌లో పంపాను. ఆయనతో నన్ను మాట్లాడనివ్వు. మతం సంగతి ఎత్తను, చెరువుల సంగతే మాట్లాడతాను. మగాళ్ళకి ఏడుపు రాదు, లెక్కలే వస్తాయి. ఆ లెక్కల మధ్యలోనే అసలు మాట బయటపడుతుంది.

ప్రభుసాక్షి_తణుకు

సిస్టర్, ఈ సంగతి తెలియక నేను ఉపవాసం మాట రాశాను. నా సాక్ష్యం నాకు నిజమే, కానీ మీ ఇంటికి ఇప్పుడు కావలసింది వేరు. తణుకు నుంచి మీ ఊరు దూరమేం కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆవిడా నేనూ రావచ్చా? ఏమీ మాట్లాడం.

పాలకొల్లు_మాస్టారు

రండి బ్రదర్. నేనూ వస్తాను, అమ్మాయి సరేనంటే.

సండేస్కూల్_టీచర్

ఆ ఇంట్లో ప్రార్థన ఎలా చేసుకోవాలి అన్నదానికి నాకు తోచింది రాస్తాను. హిజ్కియా రాజుకి శత్రువుల దగ్గర్నుంచి బెదిరింపు ఉత్తరం వస్తే, అది తీసుకుని మందిరానికి వెళ్ళి దేవుడి ఎదుట విప్పి పరిచాడు. అందులో ఏముందో పక్కన పెట్టి స్తుతులు మొదలుపెట్టలేదు. ఇదిగో, చూడు అన్నాడు. రైతు అన్నయ్య చెప్పిన అప్పుల కాగితం రాశాక, మీ ఇద్దరూ దాన్ని బల్ల మీద పరుచుకుని కూర్చోండి. అంకెలు ఒక్కొక్కటీ చదవండి. మాటలు రాకపోతే 13వ కీర్తన గట్టిగా చదవండి, ఒకరు ఒక వచనం, ఇంకొకరు ఒక వచనం. అందులో ఆరే వచనాలు. ఆయనకి చదవాలని లేకపోతే మీరు చదవండి, ఆయన వింటారు. మేం రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్‌లో కలిసి ఒక కీర్తన చదువుకుంటాం, మా లంకల్లో 2022 వరదలప్పుడు మొదలైంది. పునరావాస కేంద్రాల్లో ఉన్నవాళ్ళకి ధైర్యంగా ఉంటుందని మొదలెట్టి, నీళ్ళు తీశాక కూడా ఆపలేదు. ప్రసంగం ఉండదు, కానుక ఉండదు. ఎవరైనా చేరొచ్చు.

కోనసీమ_కొబ్బరి

నేను కూడా వినొచ్చా?

సండేస్కూల్_టీచర్

తప్పకుండా అన్నయ్యా. మా ఊళ్ళో మా పక్కింటి రామలయ్యం పూజారిగారి భార్య రోజూ వింటారు.

మొగల్తూరు_కుర్రోడు

రామాలయం టీచర్ 🙂

గట్టుమీద_ఇల్లు

మొన్న రాత్రి అడిగాను. అవునన్నారు. తర్వాత ఇద్దరం ఏడ్చాం. షెడ్డులో డబ్బాలు మా మరిది తీసుకెళ్ళిపోయాడు. నిన్న డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాం, మందులు రాశారు, రెండు వారాల్లో మళ్ళీ రమ్మన్నారు. నాకు రక్తం బాగా తక్కువ ఉందట, నర్సు చెల్లి చెప్పినట్టే. రైతు అన్నయ్య ఆయనతో చాలాసేపు మాట్లాడారు. ఏం మాట్లాడారో నేను అడగలేదు. ఫోన్ పెట్టేశాక "ఈసారి చెరువు ఎండగడదాం" అన్నారు.

అప్పు ఒక్క రూపాయి తగ్గలేదు. పాపకి ఫీజు గడువు కాలేజీలో అడగాలి. ఆ పెద్దావిడ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, కానీ ప్రార్థనకి భయం పోయింది. 88వ కీర్తన చదివాను మాస్టారూ. ఇలా కూడా దేవుడితో మాట్లాడొచ్చు అని నాకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం మీరందరూ రండి. భోజనం ఇక్కడే.

నరసాపురం_లేసు

కూర నేను తెస్తాను. నువ్వు ఒక్క అన్నం వండు చాలు.

భీమవరం_బుల్లోడు

అక్కా, నేనూ మా నాన్నని తీసుకొస్తాను. ఆయన కూడా రైతు అన్నయ్యతో మాట్లాడాలి.

కువైట్_చెల్లి

టీచర్ గారూ, ఇక్కడినుంచి నేను ఆ కీర్తన చదవడానికి చేరొచ్చా? ఎనిమిదిన్నర అంటే నాకు ఎంతవుతుంది? ఆ టైముకి వంటగదిలో ఉంటాను, మాట్లాడలేను, వినగలను.

సండేస్కూల్_టీచర్

మీకు సాయంత్రం ఆరు అవుతుందమ్మా. మైక్ ఆపుకుని వింటూ ఉండండి. మీ వంతు వచ్చినప్పుడు మీ వచనం నేను చదువుతాను. మీ అమ్మగారి నంబరు కూడా పంపండి, పాపని కూర్చోబెడతాం.